అద్దం ముందు మనకు మనమే మార్కులు వేసుకోవడం మానేదెలా

"నువ్వు ఎలా ఉన్నా అందంగానే ఉంటావు" అన్న ఓదార్పుతో దీన్ని మొదలుపెట్టను. ఎంత ప్రేమగా అన్నా ఆ మాట ఒక పూటకు మించి పనిచేయదు. సాయంత్రానికి ఎవరో గ్రూపులో ఫొటో పెడతారు, అందులో గడ్డం కింద మడత కనబడుతుంది, అంతే, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే ఆ మాట కొలతను మార్చలేదు. అందమే కొలత అని ఒప్పుకుని, అందులో నువ్వు పాసయ్యావని చెప్పింది. ఇవాళ పాసయినవాళ్లు రేపు ఫెయిలవ్వచ్చు కదా.

మనిషి తన విలువను దేని మీద ఆనించుకుంటే, అది కదిలినప్పుడల్లా తనూ కదిలిపోతుందని జెన్నిఫర్ క్రాకర్, కోనీ వోల్ఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో వివరంగా రాశారు. కొందరు చదువు మీద ఆనించుకుంటారు, కొందరు ఇంట్లోవాళ్ల ప్రేమ మీద, కొందరు దేవుడి మీద, కొందరు రూపం మీద. రూపం మీద ఆనించుకున్నవాళ్ల రోజు ఎలా గడవాలో బరువు చూసే మిషనూ, లిఫ్ట్‌లో అద్దమూ, ఎవరో పెట్టిన కామెంటూ నిర్ణయిస్తాయి. ఆడపిల్లలకు ఇది చిన్నప్పటి నుంచే అలవాటు చేస్తాం, మగపిల్లాడు కనబడితే "ఏం చదువుతున్నావ్ రా" అని అడిగే మనిషే ఆడపిల్ల కనబడితే "ఎంత ముద్దుగా ఉన్నావే" అంటారు. కాబట్టి కింద చెప్పేవన్నీ మీరు అందంగా ఉన్నారని మిమ్మల్ని నమ్మించడానికి కాదు. అందం గురించిన గొడవ మీ బుర్రలో ఆక్రమించుకున్న జాగా తగ్గించడానికి. ఈ రెండూ వేర్వేరు పనులు, నా దృష్టిలో రెండోదే నిలబడేది.

ముందు, అది మీ దగ్గర ఏం లాక్కుంటోందో చూడండి

చుట్టూ ఉన్న లోకం ఆడవాళ్ల ఒంటిని చూడడానికి పెట్టిన వస్తువులా చూస్తూ ఉంటే, కొన్నాళ్లకు ఆ ఆడవాళ్లే తమను తాము బయటి మనిషి కళ్లతో చూసుకోవడం మొదలుపెడతారు. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, టోమీ-ఆన్ రాబర్ట్స్ 1997లో చెప్పిన సిద్ధాంతం ఇది. మీటింగ్‌లో మాట్లాడుతూనే టాప్ పొట్ట దగ్గర అంటుకుందేమోనని లాక్కోవడం, నవ్వొచ్చినప్పుడు చిగుళ్లు కనబడతాయేమోనని చెయ్యి అడ్డం పెట్టుకోవడం, కూర్చోగానే బ్యాగ్ తీసి ఒళ్లో పెట్టుకోవడం, ఇదంతా ఒక పనే. రోజంతా వెనకాల నడుస్తూ ఉండే పని, దానికీ బుర్ర ఖర్చవుతుంది.

ఎంత ఖర్చవుతుందో 1998లో వాళ్లిద్దరూ మరికొందరితో కలిసి చేసిన ప్రయోగంలో తేలింది. కాలేజీ విద్యార్థులను ఒక్కొక్కరినే గదిలోకి పంపి, కొందరికి స్వెటర్, కొందరికి స్విమ్‌సూట్ ఇచ్చి, అవి వేసుకుని అద్దంలో చూసుకోమని, ఆ బట్టల మీదే లెక్కల పరీక్ష రాయమన్నారు. స్వెటర్ వేసుకున్న అమ్మాయిల కంటే స్విమ్‌సూట్ వేసుకున్న అమ్మాయిలకు మార్కులు తక్కువ వచ్చాయి. అబ్బాయిల్లో ఆ తేడా కనబడలేదు. గదిలో చూసేవాళ్లెవరూ లేరని మర్చిపోకండి, చూస్తున్నదల్లా బుర్రలో కూర్చున్న ఆ బయటి మనిషే.

అందుకే మొదటి పని కొన్నాళ్లు ఊరికే గమనించడం. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి పెట్టుకోండి, కానీ అందులో "ఈ రోజు అసహ్యంగా అనిపించింది" అని భావాలు రాయకండి, దానివల్ల ఇంకాస్త కుంగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆ ఆలోచన వల్ల మీరు ఏం మానుకున్నారో అది రాయండి. "ఫొటో తీస్తుంటే కావాలని వెనక నిలబడ్డాను." "మొటిమ వచ్చిందని వీడియో కాల్‌లో కెమెరా ఆపేశాను, మాట్లాడాల్సిన రెండు పాయింట్లూ మాట్లాడలేదు." "ఈత నేర్చుకుందామనుకున్నాను, బరువు తగ్గాక చూద్దాంలే అనుకున్నాను." పక్కనే అంతకు కాస్త ముందు ఏం జరిగిందో కూడా ఒక ముక్క రాయండి, రీల్స్ చూశారా, ఎవరైనా ఫోన్ చేశారా, ట్రయల్ రూమ్‌లో ఉన్నారా. వారం పది రోజుల్లో ఒక వరస కనబడుతుంది, ఎక్కువమందికి ఆ చెడ్డ ఘడియలు రెండు మూడు చోట్ల నుంచే వస్తాయి. ఆ చోట్లు తెలిస్తే సగం దారి దొరికినట్టే. ఈ నోట్ ఎవరికీ చూపించక్కర్లేదు, దాచుకోండి, దీంతో తర్వాత పనుంది.

ఆ కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోండి

ఇప్పుడు మనం పుట్టుకతో వచ్చిన లోపాలనుకుంటున్న వాటిలో కొన్నింటికి పుట్టిన తేదీలున్నాయి. అమెరికాలో ఆడవాళ్ల కోసమంటూ జిల్లెట్ కంపెనీ రేజర్ తెచ్చింది 1915లో, చేతుల్లేని గౌన్లు ఫ్యాషన్ అవుతున్న రోజుల్లో, చంకలో వెంట్రుకలుంటే బాగోదన్న ప్రచారం ఊపందుకున్నదీ అప్పుడే. తొడల మీద చర్మం గుంటలు గుంటలుగా కనబడడాన్ని సెల్యులైట్ అంటూ 1968లో వోగ్ పత్రిక అమెరికా పాఠకులకు పరిచయం చేసింది. యుక్తవయసు దాటిన ఆడవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా ఉండేది అది, అంటే అది ఆడవాళ్ల చర్మం మామూలుగా ఉండే తీరు, దానికి జబ్బు పేరులాంటి పేరు పెట్టగానే మందులూ క్రీములూ పుట్టుకొచ్చాయి. కనుబొమ్మల సంగతి ఇంకా దారుణం. 1920లలో దారంలా సన్నగా ఉండాలన్నారు, 1990లలో మళ్లీ సన్నబడాలన్నారు, 2010లు వచ్చేసరికి ఒత్తుగా ఉంటేనే అందమన్నారు. మధ్యలో పీక్కున్నవాళ్లు పెన్సిల్‌తో గీసుకోవాల్సి వచ్చింది. మనిషి ముఖం ఏమీ మారలేదు, మారిందల్లా చెప్పేవాళ్ల మాట.

ఇది ఎంత త్వరగా ఒంట్లోకి దిగుతుందో ఫిజీ దీవుల్లో జరిగినది చూస్తే భయమేస్తుంది. అక్కడ ఒళ్లున్న మనిషినే ఆరోగ్యంగా, బాగున్నట్టుగా చూసేవాళ్లు. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మూడేళ్ల తర్వాత 1998లో ఇంకోసారి అక్కడి స్కూలు అమ్మాయిలను తిండి, ఒళ్లు గురించి ప్రశ్నలడిగారు. తిండి విషయంలో ఆందోళనకరమైన స్కోరు వచ్చినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి తిన్నది కావాలని కక్కేసేవాళ్లు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్లకు 11.3 శాతం అయ్యారు. మూడేళ్లలో! కాబట్టి "నా మనసే బలహీనం" అని మిమ్మల్ని మీరు నిందించుకునేది ఉంటే దయచేసి అది ఇక్కడితో ఆపేయండి.

తెరమీద కనబడేవాళ్లు కూడా నిజానికి అలా ఉండరు. 2003లో ఒక పత్రిక తన కవర్ మీద హాలీవుడ్ నటి కేట్ విన్స్‌లెట్‌ను కంప్యూటర్‌లో బాగా సన్నగా చేసి వేస్తే, నేను అలా ఉండను, అలా ఉండాలని కోరుకోను కూడా అని ఆవిడే బయటపెట్టింది. అయితే ఇదంతా తెలిస్తే చాలదని కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, నార్వేలో 2022 నుంచి ప్రకటనల్లో ఒళ్లు మార్చిన ఫొటోలకు ఆ మాట రాయాలని చట్టాలున్నాయి. మంచి చట్టాలే. కానీ అలాంటి లేబుల్ పెట్టిన ఫొటోలు చూపించి జరిపిన పరిశోధనల్లో చాలావాటిలో, లేబుల్ ఉన్నా లేకపోయినా ఆడవాళ్లకు తమ ఒంటి మీద కలిగే అసంతృప్తి దాదాపు ఒకేలా ఉంది. బుర్రకు అబద్ధమని తెలుసు, కళ్లు మాత్రం పోల్చేస్తాయి. అంటే ఒక్కో ఫొటోతో వాదన పెట్టుకుని గెలవలేం, చూసే ఫొటోల సంఖ్యే తగ్గించుకోవాలి.

ఫోన్‌తో మొదలుపెట్టండి

ఇది అన్నిటికంటే తేలిక, ఫలితం కూడా త్వరగా కనబడుతుంది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొదట ఒక చిన్న పరీక్ష. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా నిలబడి, చెయ్యి మడిచి, ముఖానికి ఒక అడుగు దూరంలో ఫోన్ పెట్టి సెల్ఫీ తీసుకోండి. తర్వాత అదే చోట, అదే వెలుతురులో, ఐదడుగుల దూరం నుంచి వెనక కెమెరాతో ఎవరినైనా తీయమనండి, జూమ్ చేసి ముఖం రెండు ఫొటోల్లోనూ ఒకే సైజు వచ్చేలా చూడండి. పక్కపక్కన పెడితే మొదటిదాంట్లో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి కనబడతాయి. కెమెరా దగ్గరైతే దానికి ముందున్నది పెద్దదవుతుంది, అంతే సంగతి. ఐదడుగుల ఫొటోతో పోలిస్తే అడుగు దూరం సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో ప్లాస్టిక్ సర్జరీ పత్రికలో లెక్కకట్టి వేశారు, సెల్ఫీలు చూపించి ముక్కు తగ్గించమని అడిగేవాళ్లు ఎక్కువవడంతోనే ఆ లెక్క కట్టాల్సి వచ్చింది. మీ ఎదురుగా కూర్చుని మాట్లాడే మనుషులు మిమ్మల్ని ఆ అడుగు దూరం నుంచి చూడరు. ఈ పరీక్ష చదివి వదిలేయకండి, చేసి చూడండి, కళ్లతో చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు.

తర్వాత కెమెరాలో ఉన్న బ్యూటీ మోడ్ తీసేయండి. చాలా ఫోన్లలో అది మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి సున్నాకు తేవాలి. మొదటి కొన్ని రోజులు సొంత ముఖమే కొత్తగా, వాడిపోయినట్టు కనబడుతుంది. కంగారు పడకండి, నెలల తరబడి చర్మం నున్నగా చేసిన ముఖాన్ని చూసి చూసి దాన్నే మీ ముఖం అనుకోవడం వల్ల వచ్చిన తేడా అది, కళ్లు సర్దుకుంటాయి.

ఇక ఫీడ్. ఒక్కో అకౌంట్ చూశాక మీ పరిస్థితి ఏమిటో చూసుకోండి: ఏదైనా నేర్చుకున్నారా, నవ్వారా, లేక చెయ్యి దానంతటదే పొట్ట మీదకో చెంప మీదకో వెళ్లిందా? మూడోది అయితే అన్‌ఫాలో చేసేయండి, ఆ మనిషి ఎంత మంచివారైనా సరే. ఆరోగ్యం, ఫిట్‌నెస్ పేరుతో వచ్చే పేజీలను కూడా ఇదే పరీక్షకు పెట్టండి, చాలావాటిలో వ్యాయామం తక్కువ, పొట్ట ఫొటోలు ఎక్కువ. రికమెండ్ అయి వచ్చే రీల్స్‌కు "ఆసక్తి లేదు" అన్న ఆప్షన్ నొక్కుతూ ఉండండి, ఒక్కరోజులో మారదు, ఓపిగ్గా నొక్కితే మారుతుంది. చూసి తిట్టుకుంటూ కామెంట్లు చదువుతూ కూర్చుంటే మాత్రం ఆ యాప్ దాన్ని మీకు నచ్చినదాని కిందే జమ కడుతుంది.

కష్టమైనది స్నేహితుల దగ్గర. లియోన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పినట్టు, మనిషి తనలాంటివాళ్లతోనే ఎక్కువ పోల్చుకుంటాడు. సినిమా తార ఎలా ఉన్నా "ఆవిడకు పదిమంది మేకప్ వాళ్లుంటారు" అని సర్దిచెప్పుకుంటాం, అదే మనతో చదువుకున్న అమ్మాయి ఫొటో చూస్తే సర్దిచెప్పుకోవడానికి ఏమీ దొరకదు. ఆ అమ్మాయి కూడా నలభై ఫొటోలు తీసి ఒకటి పెట్టి ఉంటుందని తట్టదు. అన్‌ఫాలో చేస్తే నొచ్చుకుంటారనుకుంటే మ్యూట్ చేయండి, ఎవరికీ తెలియదు. స్నేహం తెంచుకోనక్కర్లేదు, ఫోన్ చేసి మాట్లాడండి, కలవండి, ఆమె ఫొటోలు చూడకుండా ఆమెతో గడిపితే పోల్చుకోవడమూ తగ్గుతుంది.

యాప్ మొత్తం తీసేయాలా అంటే, తీసేయగలిగితే మంచిదే, లేకపోయినా ఫర్వాలేదు. 2023లో కెనడా పరిశోధకులు 17 నుంచి 25 ఏళ్ల వాళ్లు 220 మందిని తీసుకుని, కొందరిని మూడు వారాల పాటు సోషల్ మీడియా రోజుకు గంటకు మించకుండా వాడమన్నారు. అంత కొద్దికాలానికే వాళ్లకు తమ బరువు మీద, రూపం మీద ఉన్న అభిప్రాయం మెరుగైంది. కాబట్టి ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, ముఖ్యంగా మీ నోట్‌లో ఏ సమయం ఎక్కువసార్లు కనబడిందో ఆ సమయానికి. చాలామందికి అది నిద్రపోయే ముందు, ఒంటరిగా, అలసిపోయి ఉన్నప్పుడు. మరీ కుంగిన రోజు సెల్ఫీ పెట్టి లైకుల కోసం చూడకండి. సెల్ఫీ తీసి పోస్ట్ చేశాక ఆడవాళ్లలో ఆందోళన పెరిగి, తాము బాగున్నామన్న భావన తగ్గిందని, ఫొటోను సరిచేసుకునే వీలిచ్చినా అంతేనని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. టీనేజ్ అమ్మాయిల్లో ముగ్గురిలో ఒకరికి తమ ఒంటి గురించిన బాధను ఇన్‌స్టాగ్రామ్ ఇంకా పెంచుతోందని ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే ఉన్నట్టు 2021లో పత్రికల్లో బయటపడింది కదా, ఇంట్లో ఆ వయసు పిల్ల ఉంటే ఈ పనులు తనతో కూర్చుని చేయండి, ఫోన్ లాక్కుని కాదు.

అద్దం దగ్గర

అద్దం చూడడం పూర్తిగా మానేయమని కొందరంటారు. నేనలా చెప్పను, చూడకపోతే భయం ఇంకా పెరుగుతుంది, ఊహలో ఒళ్లు అసలుకంటే వికారంగా తయారవుతుంది. మార్చుకోవాల్సింది చూసే పద్ధతి. ముక్కు అద్దానికి ఆనించి రంధ్రాలు లెక్కపెట్టేలా చూడకండి, పెద్దదిగా చూపించే అద్దం ఉంటే తీసి పక్కన పెట్టేయండి. నాలుగడుగుల దూరంలో నిలబడి, మొత్తం మనిషిని చూడండి. నచ్చనిచోట చూపు ఆగిపోతుంది, అక్కడి నుంచి కదిలించండి. ఇంకో పద్ధతి మనస్తత్వ నిపుణులు చికిత్సలోనే వాడతారు: ముందున్నదాన్ని తీర్పు లేకుండా, పోలీసు రిపోర్టు రాసినట్టు చెప్పుకోవడం. "దరిద్రమైన తొడలు" అనకుండా "తొడలు ఒకదానికొకటి తగులుతున్నాయి, ఎడమవైపు లేత గీతలున్నాయి", "చచ్చు జుట్టు" అనకుండా "జుట్టు భుజాల దాకా ఉంది, రింగులు తిరిగి ఉంది". మొదట ఎబ్బెట్టుగా ఉంటుంది, ప్రతి వాక్యంలో ఒక తిట్టు దూరడానికి చూస్తుంది. దూరితే దాన్ని తీసేసి ఆ వాక్యం మళ్లీ చెప్పండి. రెండు మూడు నిమిషాలు చాలు, తర్వాత అక్కడి నుంచి వచ్చేయండి.

"నేను అందగత్తెను, నన్ను నేను ప్రేమిస్తున్నాను" అని అద్దంలో చూస్తూ చెప్పుకోమనే సలహా చాలా చోట్ల కనబడుతుంది. నమ్మకం లేని మనిషి చేత ఆ మాట అనిపిస్తే లోపల వెంటనే "అబద్ధం" అని జవాబొస్తుంది. జోఆన్ వుడ్ బృందం 2009లో ఇలాంటి మాటల మీద చేసిన ప్రయోగంలో, ముందే తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లు "నేను ప్రేమించదగిన మనిషిని" అని పదేపదే చెప్పుకున్నాక ఇంకా నీరసపడ్డారు. కాబట్టి మీకు పనిచేయకపోతే అది మీ తప్పు కాదు, మానేయండి.

దానికి బదులు జెసికా అలీవా అనే పరిశోధకురాలు 2015లో పరీక్షించి చూసిన రాత పని చేయండి. ఒక్కోసారి పావుగంట చొప్పున మూడుసార్లు కూర్చుని, మీ ఒళ్లు ఎలా కనబడుతుందో కాకుండా ఏమేం చేస్తుందో, అది మీకెందుకు ముఖ్యమో రాయడం. "చేతులు పనిచేస్తాయి" అని పైపైన రాస్తే లాభం లేదు, దగ్గరగా రాయండి. జ్వరమొచ్చిన బిడ్డను రాత్రంతా భుజం మీద వేసుకుని తిప్పిన చేతులు, చీకట్లో అడుగుల చప్పుడు విని వచ్చింది ఎవరో చెప్పేసే చెవులు, ఆపరేషన్ అయిన చోట దానంతటదే అతుక్కున్న చర్మం. జబ్బుతోనో వైకల్యంతోనో ఒళ్లు సహకరించని వాళ్లకు ఇది బాధ కలిగించవచ్చు, అలాంటప్పుడు చేయగలిగే పనులకంటే ఇష్టమైన అనుభవాల గురించి రాయండి, చల్లగాలి తగలడం, పాట వినడం, దగ్గరివాళ్లను హత్తుకోవడం. ఇలా రాసిన ఆడవాళ్లకు తమ ఒంటి మీద తృప్తి పెరిగిందని ఆ అధ్యయనంలో తేలింది.

మాటల దగ్గర

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లం కూర్చుంటే ఒకరు "బాగా లావైపోయానే" అంటారు, వెంటనే రెండోవాళ్లు "నువ్వా? నన్ను చూడు, పీపాలా ఉన్నాను" అంటారు. ప్రేమతోనే అంటాం, ఎదుటి మనిషిని ఒంటరిగా వదిలేయకూడదని. కానీ ఆ మాటలు అన్నవాళ్లకీ విన్నవాళ్లకీ ఇద్దరికీ చేటే. ఇకముందు అలాంటి మాట వస్తే పోటీకి దిగకండి, "అయ్యో లేదు, సన్నగానే ఉన్నావ్" అని కూడా అనకండి, దానివల్ల లావు కావడమే ఘోరమని ఇద్దరూ ఒప్పుకున్నట్టవుతుంది. "ఏమైంది, ఇవాళ మనసు బాలేదా?" అని అడగండి. చాలాసార్లు అసలు విషయం ఇంకేదో ఉంటుంది.

పెద్దవాళ్లు ముఖం మీద అనే మాటలకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి, ఆ క్షణంలో వెతుక్కుంటే దొరకదు. "ఏంటే ఇంత ఒళ్లు చేశావ్?" అన్నారనుకోండి, మొదటిసారి మాట మార్చేయడమే మేలు: "బాగానే ఉన్నానత్తయ్యా, మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది ఇప్పుడు?" రెండోసారీ అంటే నెమ్మదిగా, నవ్వు కలపకుండా, "అత్తయ్యా, నా ఒంటి గురించి మాట్లాడుకోవడం నాకు ఇష్టం లేదు, వేరే ఏదైనా చెప్పండి" అనండి. కోపం అక్కర్లేదు, సంజాయిషీ అసలే అక్కర్లేదు, థైరాయిడ్ ఉందనో డెలివరీ తర్వాత ఇలా అయ్యాననో కారణాలు చెప్పడం మొదలుపెడితే వాళ్లు సలహాలు మొదలుపెడతారు. ఇంట్లోవాళ్లతో అయితే ఒక ప్రశాంతమైన పూట చూసుకుని విడిగా చెప్పాలి. "అమ్మా, నువ్వలా అన్న ప్రతిసారీ నేను రెండు రోజులు అదే ఆలోచిస్తున్నాను. నా ఆరోగ్యం గురించి టెన్షన్ ఉంటే అడుగు, చెబుతాను. నలుగురిలో మాత్రం నా రంగు గురించి, ఒంటి గురించి అనకు." ఒక్కసారికి మారరు. మూడుసార్లు, నాలుగుసార్లు చెప్పాల్సి వస్తుంది, చెప్పండి.

మనం అనే మాటలు కూడా చూసుకోవాలి. ఎవరైనా సన్నబడితే "వావ్, భలే తగ్గావ్, ఏం చేశావ్?" అని అడగడం మానేయండి. వాళ్లు జబ్బు వల్ల తగ్గారో, దిగులుతో తగ్గారో, తిండి మానేసి తగ్గారో మీకు తెలియదు, మూడోదైతే మీ మెచ్చుకోలు ఆ మనిషిని అందులోనే ఉంచేస్తుంది. చిన్నపిల్లల ముందు ఇంకా జాగ్రత్త. తల్లి అద్దం ముందు నిలబడి పొట్ట రెండు వేళ్లతో పట్టుకుని ముఖం చిట్లిస్తుంది, మంచం మీద కూర్చున్న ఐదేళ్ల పిల్ల బొమ్మ పక్కన పెట్టి చూస్తూ ఉంటుంది, కాసేపటికి తనూ గౌను ఎత్తి తన పొట్ట పట్టుకుని చూసుకుంటుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు, పాఠం మాత్రం అయిపోయింది. పిల్లకు ముద్దుగా ఉన్నావని చెప్పకూడదని కాదు, చెప్పండి, అయితే అడిగిన మంచి ప్రశ్నకూ, పడిపోయి లేచినందుకూ, గీసిన బొమ్మకూ అంతకంటే ఎక్కువ చెప్పండి.

తగ్గాక చేద్దామనుకున్నవి ఇప్పుడే చేయండి

ఇందాక దాచుకున్న నోట్ తీయండి. అందులో అన్నిటికంటే చిన్నది ఏది? వీడియో కాల్‌లో కెమెరా ఆన్ చేయడమా, పొట్టి చేతుల డ్రెస్ వేసుకోవడమా, ఫొటోలో ముందు నిలబడడమా? ఈ వారం అది చేయండి, చేసే ముందు ఏం జరుగుతుందని భయమో ఒక వాక్యం రాసుకుని, చేశాక నిజంగా ఏం జరిగిందో కింద రాయండి. 2000లో థామస్ గిలోవిచ్ బృందం విద్యార్థులను సిగ్గేసే బొమ్మ ఉన్న టీషర్ట్ వేసుకుని గదిలోకి వెళ్లమంది. గదిలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది ఆ బొమ్మను చూసి ఉంటారని వాళ్లు అనుకున్నారు, నిజంగా గమనించింది అందులో సగమే. మన చేతుల లావు సంగతి అంతకంటే తక్కువమందికి పడుతుంది. ఒకటి అయ్యాక దానికంటే కాస్త పెద్దది పట్టుకోండి. ధైర్యం వచ్చాక చేద్దామని ఆగకండి, ధైర్యం చేస్తూ ఉంటేనే వస్తుంది.

బట్టల గురించి రెండు ముక్కలు: సన్నబడ్డాక వేసుకుంటానని దాచినవి ఎవరికైనా ఇచ్చేయండి, రోజూ బీరువా తెరవగానే అవి మిమ్మల్ని తక్కువ చేస్తాయి. సైజు నంబర్ కంపెనీని బట్టి మారుతుంది, సరిపోయేది కొనుక్కోండి.

రంగు క్రీముల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను, వాడకండి. కొన్నింటిలో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. పాదరసం వాడకాన్ని అరికట్టడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం పాదరసం కలిపిన సౌందర్య సాధనాలను నిషేధించినా అవి అమ్ముడవుతూనే ఉన్నాయి. స్టెరాయిడ్ కలిపినవి మొదట మెరుపు చూపించి తర్వాత చర్మాన్ని పల్చగా చేసేస్తాయి. క్రాష్ డైట్లూ ఇలాంటివే. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను ఆరు నెలల పాటు అరకొర తిండితో ఉంచితే, వాళ్లు పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడారు, చిరాకు, దిగులు పట్టుకున్నాయి, తర్వాత కొందరు ఆపుకోలేక తిన్నారు. కడుపు మాడ్చుకుంటే ఎవరి బుర్రయినా అలాగే అవుతుంది, దాన్ని మీ మనోబలం లోపంగా లెక్కేసుకోకండి.

ఇంతా చెప్పి ముస్తాబు తప్పనడం లేదు. లిప్‌స్టిక్ ఇష్టమైతే వేసుకోండి, జుట్టుకు రంగు వేసుకోండి. అది ఇష్టమా, బలవంతమా అని తెలియాలంటే ఒక రోజు మానేసి బయటికి వెళ్లి చూడండి, కాస్త వెలితిగా ఉంటే ఇష్టమే, గుండె దడదడలాడి మధ్యలోంచి ఇంటికొచ్చేయాలనిపిస్తే దాని సంగతి చూడాలి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రంగును, బరువును, వయసును చూసి మనుషులను తక్కువ చేయడం ఉద్యోగాల్లో, సంబంధాల్లో నిజంగా జరుగుతుంది, అదంతా మన ఊహ కాదు. మీరు ఎంత నిబ్బరంగా ఉన్నా ఆ అన్యాయం పోదు. కాకపోతే వాళ్లు వేసే మార్కులు వాళ్ల దగ్గరే ఉంటాయి, మీ చేత్తో మీరు వేసుకునేవి ఆగుతాయి, మిగిలిన శక్తితో ఆ అన్యాయాన్ని ఎదిరించి మాట్లాడగలుగుతారు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

పైవన్నీ మామూలు బాధకు. ఒంట్లో ఏదో ఒక లోపం గురించి, ఇతరులకు పెద్దగా కనబడనిదాని గురించి, రోజుకు గంటకు పైగా ఆలోచన నడుస్తుంటే, పదేపదే అద్దం చూసుకోవడమో దాచుకోవడమో ఆపలేకపోతుంటే, దానివల్ల కాలేజీకో ఉద్యోగానికో వెళ్లలేకపోతుంటే అది బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ కావచ్చు. నూటికి ఇద్దరి దాకా ఉండే జబ్బు ఇది, సీబీటీ అనే మాటల చికిత్సకూ, కొన్ని మందులకూ తగ్గుతుంది. ముక్కుకో చర్మానికో సర్జరీ చేయించుకుంటే సాధారణంగా తగ్గదు, దిగులు ఇంకోచోటికి మారుతుంది, అందుకే సర్జన్ కంటే ముందు సైకియాట్రిస్ట్‌ను కలవండి. తిన్నది కక్కేయడం, విరేచనాల మాత్రలు మింగడం, రోజుల తరబడి తినకపోవడం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి, తిండికి సంబంధించిన ఈ జబ్బులు ప్రాణం మీదకు తెస్తాయి, బరువు మామూలుగా ఉన్నవాళ్లకు కూడా. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటలోనే పక్కనున్నవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

అక్కడ నోరు పెగలకపోతుందని, "అందం గురించి ఏడుస్తోందా" అనుకుంటారని చాలామంది ఆగిపోతారు. అందం అన్న మాటే ఎత్తక్కర్లేదు. ఇది కాగితం మీద రాసుకెళ్లి చేతికిచ్చినా చాలు: "నా ఒంటి గురించిన ఆలోచనలు రోజులో ఇన్ని గంటలు నడుస్తున్నాయి, ఎంత ప్రయత్నించినా ఆపలేకపోతున్నాను. దీనివల్ల ఈ ఈ పనులు మానేశాను. నిద్ర ఇలా ఉంది, తిండి ఇలా ఉంది." వాళ్లు ఒకవేళ "ఏముంది, బాగానే ఉన్నావుగా" అని కొట్టిపారేస్తే ఇంకో డాక్టర్‌కు అదే కాగితం ఇవ్వండి.